అక్రమాకారం

సుద్దముక్కల పెట్టె. పొడవు, వెడల్పు, ఎత్తు.
మూడూ గుణిస్తే లోపలి చోటంతా లెక్కకొస్తుంది.
ఇరవై రెండేళ్ళు ఇదే చెప్పాను కాట్రేనికోన హైస్కూల్లో.
ఇటుక, సబ్బుబిళ్ళ, అగ్గిపెట్టె,
మూలలున్నవాటికి స్కేలు చాలు.
ఆనక ఒక గులకరాయి, ఒక కొలజాడీ,
నీళ్ళు రెండు గీతలు ఎగబాకడం, గంట కొట్టడం.

ఆ రోజు పెమ్మాడి నూకరత్నం గోనెసంచి తెచ్చింది
బలుసుతిప్ప నుంచి, ఆటోలో, ఒళ్ళో పెట్టుకుని.
విప్పితే పడవ పంకా. మూడు రెక్కలు,
ఒకటి ఇసుకమేటకు కొట్టుకుని వంగింది,
మొదట్లో గుల్లలు అంటుకున్నాయి.
"పాతసామాను కొట్టాయన ఇనుమంటున్నాడు సార్.
గీసి చూపిస్తే పైపూత అన్నాడు.
లోపలేముందో కొయ్యకుండా తెలుస్తుందా?"

పుస్తకంలో దాని పేరు అక్రమాకార వస్తువు.

కొలజాడీలో రెక్క కొన కూడా పట్టలేదు.
మధ్యాహ్న భోజనాల బకెట్టు కడిగి
అంచుదాకా నింపి బేసిన్లో నిలబెట్టాం.
వలతాడు కట్టి తనే దించింది,
నిద్రపోయిన పిల్లను చాపమీదికి దించినట్టు.
కాస్త కుదిపింది. రెక్కల కింద దాక్కున్న బుడగలు
ఒక్కొక్కటీ పైకొచ్చి పగిలాయి.
బకెట్టు ఏడ్చినంతసేపు ఏడ్చి ఊరుకుంది.

పొర్లిన నీళ్ళు కొలవడానికి సంచి అడుగు నుంచి
రెండు ఖాళీ క్వార్టర్ సీసాలు తీసింది.
"నాన్నవి" అంది, నావైపు చూడకుండా.
మూత విప్పేటప్పుడు సరుకు ఏ మట్టాన ఉంటుందో
ఆ పిల్లకు గీత అక్కర్లేదు.
రెండు నూటెనభైలు. మిగిలింది
చెరువు మందుల సిరంజితో, పది చొప్పున నాలుగుసార్లు.
నాలుగొందలు.
రొయ్యల కాటా మీద మూడు కిలోల నాలుగొందల గ్రాములు.

బల్లమీద తడివేలితో భాగించింది.
ఎనిమిదిన్నర.
ఇనుమైతే ఇంకో ముప్పై ఆరు మిల్లీలీటర్లు పొర్లేవి.
సగం టీ గ్లాసు.
ఆ కాసిని నీళ్ళకు
ఇటు కిలో నాలుగొందలు, అటు ఇరవై ఎనిమిది.

శనివారం అమలాపురం నేనూ వెళ్ళాను.
కొట్టాయన లెక్క కాగితం తిరగేసి చూశాడు.
"గుల్లలున్నాయిగా మేష్టారూ, అవీ కలిశాయిగా?"
నిజమే. గీకలేదు. మర్చిపోయాను.
నూకరత్నమే అంది:
"గుల్ల తేలికండీ. అది ఉండి ఎనిమిదిన్నర. గీకితే పెరుగుద్ది."
గీకాడు. తూచాడు. అరవై గ్రాములు కోసి
ఇత్తడి రేటే ఇచ్చాడు. చిల్లర లేదని పది రూపాయలు ఆపాడు.
అక్రమం ఆకారంలో లేదని అప్పుడు తోచింది నాకు,
పాఠంలో ఎక్కడ చేర్చాలో ఇప్పటికీ తోచలేదు.

తిరుగుదారిలో ఆటో వంతెన మీద ఆగింది.
కింద పాటు తీస్తోంది.
"పడవ అమ్మేశాక రేవులో నీళ్ళు తగ్గుంటాయా సార్?"
తగ్గే ఉంటాయి, అన్నాను.
"ఎంత?"
తేలేదాని బరువెంతో అది తోసిన నీళ్ళ బరువూ అంతే.
పడవ బరువు చెప్పు, చెబుతాను.

వేళ్ళమీద ఏదో లెక్కేసుకుని
"నాన్నతో కలిపా సార్," అంది, "నాన్న లేకుండానా?"