రెండువందల ఏడు

సూర్‌ల మా హోటలు పైకప్పు బోర్లేసిన పడవ.
వట్టి మాట కాదు.
ఓడలు చెక్కెటోళ్లకు ఒక ఏడాది పని దొరకకపోతే
అర్బాబు తాత వాళ్లతోనే కప్పు ఏయించిండట:
టేకు మొద్దులు, వంకర పక్కటెముకలు,
సొరచేప నూనెల నానిన మేకులు.

ఊరి కంటె ముందు కరెంటు ఈడికే వచ్చింది.
డీజిల్ ఇంజను దడదడ విననీకె
సంతల మేకల్ని ఇడిసిపెట్టి మంది ఉరికొచ్చిండ్రట.
ఐసుగడ్డ పట్టుకొని "కాలుతున్నది" అని ఏడ్చిన పోరడే
గేటు కాడి ఖమీస్ ముసలాయన.
రోజూ ఇదే ముచ్చట. రోజూ చెయ్యి ఊదుకుంటడు.

నేనొచ్చేసరికి సగం వైభోగం అయిపోయింది.
నాకు తెలిసిన చరిత్రంతా దుప్పట్ల మీదిదే.
నూనె బావులు ఎతికెటోళ్లది మట్టి,
పెండ్లి పార్టీలది ఊదు పొగ, కుంకుమపువ్వు మరక.
కువైట్ మీద యుద్ధం వడ్డ ఏడు
పిల్లలతోని వచ్చిన ఒక ఇంటోళ్లు
మూడు నెలలుండి, పోయేనాడు
దుప్పట్లు వాళ్లే ఉతికి మడతవెట్టి పోయిండ్రు.
ఆ మడతలు శానా దినాలు ఇప్పలే నేను.

"పోశెట్టీ, పక్క మీద నాణెం ఎగరాలె" అనేటోడు
గోవా మేనేజరు మెనెజెస్.
వాగు బండ మీద నేర్చిన చెయ్యి నాది.
ఎగిరింది.

సముద్రం ఒడ్డున అద్దాల హోటలు లేచినంక
షాండ్లియర్ గోనెసంచిల మస్కట్‌కు పోయింది.
లిఫ్టు మొదటి అంతస్తు మీద ఆగి మళ్ల కదలలే.
స్విమ్మింగ్‌పూల్‌ల దండెం కట్టి లుంగీలు ఆరేసుకుంటున్నం.
రోడ్ల కంపెనీ హోటలును కిరాయికి తీసుకున్నది,
బీరువాలతోపాటు నన్ను సుత.

గదికి ఎనిమిది మంది. నాకు రెండువందల ఏడు.
పందొమ్మిదేండ్లు ఆ తలుపు కొట్టి
"లాండ్రీ" అని బయటనే నిలవడ్డ.
మొన్న, చేతిల తాళంచెవి ఉండంగ
మళ్ల కొట్టిన.
"ఎవరూ లేరు, రా" అన్నడు లోపలి నేపాల్ పిల్లగాడు.

పై మంచం. ముక్కుకు జానెడు దూరంల టేకు చెక్క.
దాని మీద గోటితోని తడిమితే ఒక గీత:
నీళ్లు ఇందాక వస్తయని
అలవాటు కొద్దీ వడ్లాయన గీసినట్టున్నది.

బోర్లేసినంక, సముద్రం గీతకు పైదిక్కే గద.
కిందోళ్లు నలుగురు గురక వెడుతున్నరు.
పైన మేం నలుగురం
ఊపిరి వట్టి పండుకున్నం.