ఎడమ అంచు

ఇవాళ వదిన కారు నా చేతిలో ఉంది.
వెనక సీట్లో రిపేరుకు పోతున్న గ్రైండరు,
అద్దాలు మూసి, ఏసీ రెండు మీద.
రామంతాపూర్ దాటుతుంటే
ముంగట ఒక సైకిలు.

క్యారియర్ మీద రెండు ఉల్లిగడ్డ సంచులు.
ఎడమ పెడలు సగం విరిగినట్టుంది,
ప్రతి తొక్కుకీ మనిషి అటు ఒరిగి
మళ్లీ లేస్తున్నాడు.
నా చెయ్యి హారన్ మీదికి పోయింది.
నేను పంపలేదు. అదే పోయింది.

మిగతా దినాలు నేనూ ఆ అంచునే.
మోరీ జాలీ ఎటు పక్క నోరు తెరిచిందో,
ఏ ఆటో చెప్పకుండా ఆగుతుందో,
ఛే నంబర్ కాడ బస్సు గాలి
చున్నీని ఎట్లా గుంజుతుందో
నా మోకాళ్లకు తెలుసు.
హారన్ కొట్టినోళ్ల బండి నంబర్లు
ఇంటిదాకా జపం చేసినదాన్ని.

అయినా అద్దంలోంచి చూస్తే
"పక్కకు జరగొచ్చు కదా" అనిపించింది.
పక్క అంటే ఏందో నాకు తెలియదా:
ఇసుక, పగిలిన ట్యూబ్‌లైటు, తాగి పారేసిన కొబ్బరి బోండాలు.
అక్కడికే జరగమంటున్నాను.

అంతకన్నా సిగ్గు ఇంకోటి.
సీటు రెండంగుళాలు పైకెత్తితే మోకాలు నొయ్యదని
అతనికి మనసులో పాఠం చెప్పాను.
గొలుసుకు నూనె లేదని
చప్పుడు వినకుండానే తీర్పిచ్చాను.
ఆదివారం గండిపేట వైపు పోయే హెల్మెట్ల గుంపు
నా పాత సైకిల్ని చూసే చూపు అది.
నా కళ్లలోకి ఎప్పుడు దూరిందో.

నడిచేటప్పుడూ అంతే.
మొన్న నారాయణగూడలో
రాంగ్ రూట్లో బెల్లు లేని పిల్లగాడొకడు
మోచెయ్యి రాసుకుని పోతే
"కండ్లు నెత్తికెక్కినయా" అని అరిచాను.
అదే గల్లీలో, అదే మాట,
పూలమ్మే నాంచారమ్మ నన్నన్నది,
ఆమె బుట్టకు నా చక్రం తగిలిన రోజు.

సిగ్నల్ పడింది.
అతను నా కిటికీ పక్కన ఒంటికాలి మీద ఆగాడు.
అద్దం దించాను.
ఏం చెప్పాలి? నేనూ సైకిలేనని?
గ్రైండరును వెనక కూచోబెట్టుకుని?
అతను నా మొహం చూడలేదు.
సైడు అద్దాన్ని చూశాడు.
గీత పడుతుందేమోనని
హ్యాండిలు కొంచెం అటు తిప్పుకున్నాడు.

పచ్చ లైటు వచ్చినా కదల్లేదు నేను,
ముందు అతను పోవాలని.
మొదటి తొక్కు బరువుగా,
రెండోది కొంచెం వంకరగా,
సంచులు ఊగి సర్దుకున్నాయి.

వెనకనుంచి హారన్లు.
ఈసారి నాకే.