పాతిక

నూరు నుంచి నూట పాతికకి.
అంతే.
దానికి మూడు నెలలు ఆలోచించానంటే
పాలకొల్లు షోరూం కుర్రాడు నవ్వాడు.
"ఇంకో పదిహేను వేలేస్తే నూట అరవై వస్తుందండీ,
ట్యాంకు చూడండి, ఆంబోతు మెడలా లేదూ?"
చూశాను. ఆంబోతులానే ఉంది.
దానిమీద కూచోబెట్టి ఫొటో కూడా తీశాడు.
ఫొటోలో నేను
ఎవరి బండికో కాపలా కాస్తున్నవాడిలా ఉన్నాను.

పాతిక సీసీ అంటే ఎంతో నాకు తెలుసు.
వీరవాసరం రోడ్డులో నీళ్ళ ల్యాబు నాది,
నాది కాదు, నేను పనిచేసేది.
రోజూ పిపెట్‌తో పాతిక మిల్లీలీటర్లు కొలిచి
గాజు కుప్పెలో వదులుతాను.
ఆరెకరాల చెరువు తరఫున సాక్ష్యం చెప్పేది ఆ పాతికే.
టీ గ్లాసు అడుగున మిగిలేంత నీరు;
అందులో రంగు నాలుగు చుక్కల ముందే మారిందా,
ఓ రైతు ఆ రాత్రి అన్నం తినడు.

పాత బండికి పదకొండేళ్ళు.
ఉప్పుగాలి దాని సైలెన్సరు తినేసింది, రెండుసార్లు.
దానిమీద మోసిన సీసాలన్నీ ఒకచోట వంపితే
పిల్లలు ఈత నేర్చుకునేంత గుంట అయ్యేది.
తెల్లారుజాము మూడింటికి ఫోను,
"రొయ్య పైకి తేలుతోందండి, ఆయ్, తొందరగా రండి" అంటే
అది ఏనాడూ మొరాయించలేదు.
కానీ సాయంత్రం పైరగాలికి ఎదురెళ్ళాలంటే
నాలుగు నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి
అటక దిగే ముసలాయనలా
మెట్టు మెట్టే దిగేది.
వెనక డబ్బాలో సీసాలు గలగలా నవ్వేవి.

ఇక గూని వంతెన.
కాలవలో తెరచాప పడవలు తిరిగే రోజుల్లో
కొయ్య తగలకూడదని అంత ఎత్తు కట్టారట.
పడవలు పోయాయి, ఎత్తు మిగిలింది.
దాని మొదట్లో మంగతాయారు నా భుజం తడుతుంది.
నేను ఆపుతాను.
లేసు కట్టల సంచీతో తను దిగి నడుస్తుంది,
నేనూ బండీ ఏడ్చుకుంటూ ఎక్కుతాం.
పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంతే.
ఎవరూ దీన్ని కష్టమనలేదు.
నాకే ఒకరోజు, పైనుంచి చూస్తుంటే,
ఎక్కివస్తున్న ఆమె పాపిట్లో
నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపించాయి.
మర్నాడు పాలకొల్లు వెళ్ళాను.

"కొంటే పెద్దదే కొను బావా" అన్నాడు బావమరిది.
మెకానిక్ ఇస్సాకు మాత్రం
కిరసనాయిల్లో చేతులు కడుక్కుంటూ
"నూట పాతిక చాలండీ.
మీకు కావాల్సింది స్పీడు కాదు, లాగుడు" అన్నాడు.
పదకొండేళ్ళు నా బండి గుండె విన్నవాడు.
ఆ మాటతో తేలిపోయింది.
నెలకి మూడు వేల రెండొందలు, ముప్ఫై వాయిదాలు.
పాతదాన్ని తనే ఎనిమిది వేలకి తీసుకున్నాడు,
తొట్టి బిగించి కొబ్బరికాయలకి తిప్పుతాడట.
తాళం ఇస్తూ, అలవాటు కొద్దీ,
బండి ఊపి పెట్రోలు ఎంతుందో విన్నాను.

మొదటి సాయంత్రం. వంతెన.
భుజమ్మీద చెయ్యి పడింది. ఆపలేదు.
మూడో గేరులోనే, గొంతు మార్చకుండా ఎక్కేసింది.
తట్టిన చెయ్యి తట్టినచోటే ఉండిపోయింది.
పైకొచ్చాక "అయిపోయిందా?" అంది
సినిమా మధ్యలో నిద్రలేచినట్టు.

రెండోరోజూ తట్టింది.
"ఎందుకే, ఎక్కుతుందిగా!"
"ఎక్కితే ఎక్కనీ.
చుక్కకూర వెంకాయమ్మ నిన్నంతా చూసుంటుంది,
దాని కోడలి సంగతి సగంలో ఉంది."
దిగి వెళ్ళిపోయింది.

ఒక్కణ్ణే ఎక్కి పైన ఆగాను.
కింద ఇద్దరు ఆడవాళ్ళ నవ్వు.
దూరంగా చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి.
నా కింద పాతిక సీసీ
ఎవరికీ అక్కర్లేకుండా, ఊరికే తిరుగుతోంది.
కాసేపటికి గుర్తొచ్చి ఆపేశాను.
లీటరు నూట తొమ్మిది.