బిందెలో ఎరుపు

పాతూరులో నా వాచీల కొట్టు.
బల్ల మీద రెండడుగుల గాజు తొట్టి, ఏడు గప్పీలు.
వీధి బోరు మూడు దినాలకోసారి వదుల్తారు.
వచ్చిన నాలుగు బిందెల్లో ఒకటి చేపలకని
షమీమ్‌తో మాటలు పడినా.

"నైట్రేటు పెరిగింది, నీళ్లు మార్చల్ల" అన్నాడు చేపలమ్మినోడు.
మారిస్తి. మల్లా మారిస్తి.
చుక్కల మందేసి ఊపితే గాజుగొట్టంలో
అదే దానిమ్మ గింజ రంగు.

ఒక పొద్దు, గిరాకీ లేక,
కొత్త బిందె నీళ్లే గొట్టంలో పోసి చూస్తిని.
తొట్టి కంటే ఎరుపు.

ఏ శెనక్కాయ చేన్లో ఎవరు చల్లిన యూరియానో,
పంట ఎండినాక కూడా
మన్ను దిగి, రాతి నెర్రెల్లో మెల్లగా నడిచి,
ఏడు నూర్ల అడుగుల పైపెక్కి వచ్చింది.
నేను దాంతోనే దాన్ని కడుగుతా ఉన్నా.

సింగనమల బస్సు డ్రైవరు ఓబులేసు
బాగైన గడియారానికి దుడ్లకు బదులు
చెరువు తీగ తెచ్చె, టిఫిను గిన్నెలో, తడి పేపరు చుట్టి.
బ్యాంకు మెట్ల కాడి మనీప్లాంటు కొమ్మ
నేనే తుంచుకొస్తి.

పది దినాలకు వేరు దిగింది, తెల్లగా.
కంటికి భూతద్దం పెట్టుకొని చూస్తే
హెయిర్‌స్ప్రింగ్ కంటే సన్నం.

నెలకు గొట్టంలో ఎరుపు విరిగి నారింజ తేలె.
పసుపు ఇంకా రాలేదు.
రెండు గప్పీలు అంతలోపే పాయె.

"మనం తాగేదీ ఆ నీళ్లే గదా" అనింది షమీమ్, అంతే.

పొద్దున చూస్తే మంచినీళ్ల బిందెలో
ఒక కొమ్మ నానుతా ఉంది.
దాన్ని రోంత పక్కకు జరిపి
చెంబు ముంచుకుంటి.