బహుళం

డండీలో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి.
టే నది వంతెన మీద రైలు దీపాలు
ఒక్కొక్కటే పొగమంచులోకి పోతున్నాయి.
నా తెర మీద నలభై ఒకటో పరీక్ష
మళ్ళీ ఎర్రగా.

రేవులో నీటిమట్టం లెక్కగట్టే చిన్న ప్యాకేజీ.
రాసినాయన పదిహేనేళ్ళ కిందటే వదిలేశాడు.
పాత కంపైలర్‌తో కట్టినన్నాళ్ళూ కిమ్మనలేదు.
కొత్తది వచ్చిన సోమవారం నుంచి
పోటు రోజున సముద్రం
రెండు వందల పద్నాలుగు కోట్ల మిల్లీమీటర్లు
కిందికి దిగిపోయిందంటోంది.

ఆప్టిమైజేషన్ సున్నాలో పెడితే బుద్ధిగా నడుస్తుంది.
రెండుకి పెంచానా, పూనకం.
ఏమవుతోందో చూద్దామని మధ్యలో ఒక ప్రింట్ పెట్టాను.
దొంగ దీపం చూసి ముసుగుతన్ని పడుకున్నాడు.
తీసేశాను.
లేచాడు.

ఫైళ్ళను సగం చేసి, ఆ సగాన్ని సగం చేసి,
కొన్ని పాతదానికి, కొన్ని కొత్తదానికి ఇచ్చి చూస్తూ
పెసరపప్పులో రాళ్ళు ఏరినట్టు ఏరితే
గురువారం రాత్రికి ఒక్క ఫంక్షన్ మిగిలింది.
పదకొండు లైన్లు.

అసెంబ్లీ తెరిచి వేలు పెట్టి చదివాను.
కూడిక ఉంది. గుణకారం ఉంది.
ఆయన పెట్టుకున్న కాపలా లేదు.
'కలిపాక తగ్గిందా? తగ్గితే ఆగు.'
అంతే ఆ వాక్యం.
మేకు పీకిన గోడకి గుంటయినా మిగులుతుంది,
ఇక్కడ అదీ లేదు.

కడుపు మండి కంపైలర్ మీద
పేజీన్నర ఫిర్యాదు రాసి ఐలీకి చూపించాను.
ఆమె టీ కప్పు పక్కన పెట్టింది.
"కలిపితే తగ్గదని దానికి మాటిచ్చారు మీరు.
అది నమ్మింది.
జరగనిదానికి కాపలా ఎందుకని పంపించేసింది."

ఎప్పుడిచ్చాం మాట?
సైన్డ్ ఇంట్ అని రాసిన ప్రతిసారీ.

అప్పుడు గుర్తొచ్చింది ఎనిమిదో తరగతి,
పర్వతవర్ధని టీచర్, కొంగు నిండా సుద్దపొడి.
వాడు ఎక్కడ, వాడెక్కడ.
పలకక్కర్లేని ఉకారం ఎగిరిపోతుంది,
దాన్ని లోపం అంటారు.
తప్పునీ లోపమే అంటారు కదండీ అన్నాను.
క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.
"ఇంకోటుంది, బహుళం.
ఒకచోట అవుతుంది. ఒకచోట అవదు.
ఒకచోట నీ ఇష్టం.
ఒకచోట ఎవరూ అనుకోనిది ఇంకేదో అవుతుంది.
పరీక్షలో వస్తుంది, రాసుకోండి."
మొదటి మూడే రాశాను పరీక్షలో.
నాలుగోదానికి అర మార్కు పోయింది.

ఫిర్యాదు చెరిపేశాను.
కలపకముందే అడగాలి, చోటుందా అని.
కలిపాక అడిగితే వినేవాళ్ళుండరు.
మూడు లైన్ల ప్యాచ్.
పైన ఆయన వ్యాఖ్య మాత్రం కదల్చలేదు:
'పోటు రోజున జాగ్రత్త.'
కంపైలర్ ఎలాగూ దాన్ని చదవదు.

నలభై ఒకటి పచ్చబడింది.
నలభై రెండు ఏమవుతుందో చూడకుండానే
కోటు తొడుక్కున్నాను.