వదలమన్నప్పుడే వదలాలి

గిటార్లు చేసే సందువాళ్లం మేం.
పారాచోలో చెక్కకి గొంతు పెట్టే చేతులే
జూలై రాగానే కాగితం మీదికి మళ్లుతాయి.
ఆరువందల ఎనభై పల్చటి కాగితాలు,
నీలం, గులాబి, మామిడిపండు రంగు.
ముప్పైరెండు రాత్రులు
హిలారియో కొట్లో, నేల మీద, మోకాళ్ల మీద.

జిగురు బాధ్యత ముసలి నికనోర్‌ది.
గిటారు నడుముకి పూసేది దీనికి పనికిరాదు,
అది కాగితాన్ని కుంగదీస్తుందంటాడు.
వేరే గంజి కాస్తాడు, పలచగా, గోరువెచ్చగా.
ఉంగరపు వేలి కొసతోనే పూయాలి.
ఎందుకని అడిగితే
"బొటనవేలికి పొగరెక్కువ" అన్నాడు.

నేను పుట్టింది పై వీధిలో. మెట్టింది ఇక్కడ.
అందుకే ఈ నెలంతా నా ముందు ఎవరూ
కొలతల మాటెత్తరు.
పుట్టింటికి రొట్టెలు పట్టుకెళ్తుంటే
మా అత్త క్రెసెన్సియా
బుట్ట మీది గుడ్డ ఎత్తి చూసింది,
కాగితం ముక్క ఏమైనా దాచానేమోనని.
నవ్వుతూనే చూసింది.
చూసిన మాట మాత్రం నిజం.

శనివారం సాయంత్రం మైదానం.
వెలిసిన వాన, చెప్పుల కింద బురద,
ఉడికిన మొక్కజొన్న పొత్తుల ఆవిరి,
బేకరీ నుంచి అరువు తెచ్చిన పెద్ద ఫ్యాను.
ముడతలు విప్పుకుంటూ లేచింది మా నక్షత్రం.
పదహారు కొమ్ములు,
కొమ్ముకో మనిషి, మనిషికో వెదురు కర్ర.
నాది గులాబి కొమ్ము.
నికనోర్ దాని నోటి దగ్గర చతికిలబడి
మైనంలో నానిన గుడ్డ ముద్దకి నిప్పు పెట్టాడు.
"పట్టుకోండి. నేను వదలమన్నప్పుడే వదలాలి."

లోపలి వేడి ముందు కర్రకి తెలుస్తుంది.
కాగితం మొదట బద్ధకంగా ఉంటుంది, తర్వాత బిగుసుకుంటుంది,
తర్వాత, జ్వరం తగ్గిన పిల్లాడిలా,
మంచం దిగిపోతానని పెనుగులాడుతుంది.

ఒక్క గాలి. అంతే.
మామిడిపండు రంగు కొమ్ము లోపలికి వంగింది.
ముప్పైరెండు రాత్రులు
తొమ్మిది సెకన్లు.
నేను లెక్కపెట్టాను, ఎందుకో తెలీదు.
జనం అయ్యో అన్నారు, వెంటనే చప్పట్లు కొట్టారు.
ఇక్కడ కాలినదానికీ కొడతారు.
నా కర్ర చివర
అరచేయంత గులాబి మిగిలింది.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.
హిలారియో జేబులు తడుముకున్నాడు,
సిగరెట్లు మానేసి నాలుగేళ్లైన మనిషి.

అప్పుడు పక్కనుంచి మా అన్న ఎవారిస్తో కేక:
"మనుషులు చాలట్లేదు!"
పై వీధివాళ్లది చేప. లారీ అంత చేప.
తోక నేలకి రాసుకుంటోంది,
పొట్టలో మంట ఓ పక్కకి ఒరుగుతోంది.
నేను కదల్లేదు.
నేను కదిలితే ఏమనుకుంటారో నాకు తెలుసు.

కదిలింది మా అత్త.
పావడా కుచ్చిళ్లు పైకెత్తి దోపుకుని
బురదలో పరుగెత్తి
తోక పట్టుకుంది.
ఆమె వెనక నికనోర్,
ఆ వెనక వెదుళ్లతో మేం అందరం.
నిప్పు దగ్గర ఎవారిస్తో పక్కకి జరిగి
ముసలాయనకి చోటిచ్చాడు.
"ఉండండి. ఇంకా. ఇంకా కాదు.
ఇంకా...
ఇప్పుడు."

చేప కరెంటు తీగలు దాటింది.
చర్చి గంట దాటింది.
కొండ భుజం దగ్గరికి వెళ్లేసరికి
బీడీ కొసంత వెలుగు.
నా భుజాల మీంచి ఆరేళ్ల తాదెయో
పక్కనున్న పిల్లకి వేలు పెట్టి చూపిస్తున్నాడు:
"అదిగో, మనది!"
మాది కాదురా అని దిద్దబోయి
మా అత్త వైపు చూశాను.
ఆవిడ పావడా అంచు పిండుకుంటోంది.
"మరి ఎవరిదే?" అంది,
తలెత్తకుండానే.

మళ్లీ చినుకులు.
ఫ్యాను తడవకూడదు, బేకరీవాడికి మాటిచ్చాం.
నలుగురం మోసుకెళ్తుంటే
వెనక నికనోర్ గొణుగుతూ వస్తున్నాడు,
పై వీధివాళ్ల గంజి మరీ చిక్కనట,
తోక దగ్గర అతుకు తన కళ్లతో చూశాడట,
ఎవరో
బొటనవేలితో పూశారట.