తలుపు ఒక్కటే

పుంతా అరేనాస్‌లో గాలి
అలవాటు కొద్దీ ఆసుపత్రి గోడను తోస్తూనే ఉంటుంది.
ఏడో మంచం మీద ఒనోఫ్రే బర్రియా,
యాభై ఎనిమిదేళ్ళు, గొర్రెల ఉన్ని కత్తిరించే పని.
రోజుకి నూట అరవై గొర్రెల్ని
మోకాళ్ళ మధ్య ఇరికించి తిప్పిన తొడలు ఇవి.
వాటి మీద నేను చల్లటి జెల్ రాసి
అల్ట్రాసౌండ్ కొనతో వెతుకుతున్నాను
కండ ఇంకా ఎంత మందం ఉందో.

సోమవారం ఇరవై రెండు మిల్లీమీటర్లు.
శుక్రవారం పంతొమ్మిది.

తూకం చూపే మంచం అబద్ధమాడుతోంది.
నీరు పట్టి ఉబ్బిన ఒళ్ళు,
వచ్చిన నాటికన్నా నాలుగు కిలోలు ఎక్కువ.
కొత్త నర్సు ఆ అంకె చూసి సంతోషించింది, పాపం.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు.
గొంతులో గొట్టం ఉన్నవాడు ఏ నోటితో అడుగుతాడు?
ఆయన బదులు అడగడానికే నాకు జీతం.
ఎనభై కిలోల మనిషికి రోజుకి
వంద గ్రాముల మాంసకృత్తులు అని రాశాను.
స్కానింగ్‌కని పంపు ఆపారు,
తిరిగి పెట్టడం మరిచారు.
నిన్న ఒంట్లో చేరింది అరవై ఒకటి.
ఎర్రసిరాతో గీత గీస్తే
రాత్రి డ్యూటీ డాక్టర్ ఒయార్సున్ మొహం చిట్లించాడు.

మొదటి రోజుల్లో ఆపింది నేనే, అదీ చెప్పాలి.
కొలిమిలా మండే ఒంట్లో కుండెడు కుమ్మరిస్తే
మూత్రపిండాలు మొరపెడతాయి.
రెండింతలు పోస్తే రెండింతల కండ రాదు.
ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి
నాకు పదేళ్ళు పట్టింది,
కొన్ని పేర్లు కూడా.

ఆయన భార్య నెల్దా ఉన్ని టోపీ తీయకుండానే కూర్చుంటుంది.
రోజూ ఫ్లాస్కులో గొర్రెపిల్ల సూపు తెస్తుంది.
రోజూ నేను వద్దంటాను.
రోజూ అది నాకే పోసి ఇస్తుంది.
తాగుతూ విన్నాను:
ఒక చలికాలం మంచు తుఫానులో
కాపరి గుడిసెలో ఒనోఫ్రే ఒక్కడే, పదకొండు రోజులు.
నాలుగో రోజుకే కట్టెలు నిండుకున్నాయి.
బల్ల కాల్చాడు. కుర్చీ కాల్చాడు.
మంచం పలకలు ఒక్కొక్కటే పెరికి,
చివరికి గొర్రెల లెక్క రాసుకునే చెక్క కూడా.
“తలుపు?” అన్నాను.
“తలుపు కాలిస్తే ఇక లోపలంటూ ఏముంటుంది?”
ఆమె నన్ను వట్టి అమాయకురాలిని చూసినట్టు చూసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
తొడ బల్ల. భుజం కుర్చీ.
ఈ మనిషిలో తలుపు ఏది?
పక్కటెముకల కింద ఊపిరి లాగే
ఆ పలచటి కండే అనుకుంటాను.
దాన్ని కొలిచే చెయ్యి నాకింకా కుదరలేదు.

పొద్దున్నే ఫిజియో గమలియేల్‌తో పోట్లాడాను.
కదలని కండకు తిండి అంటదయ్యా,
నేను ఎంత పోస్తే ఏం లాభం?
అతను మంచానికి పెడళ్ళు బిగించాడు.
నిద్రమందులో ఉన్న కాళ్ళు
ఇరవై నిమిషాలు ఎక్కడికో తొక్కుకుంటూ పోయాయి.
నెల్దా పడీపడీ నవ్వింది,
“ఆయనకి సైకిలే రాదు!”

పధ్నాలుగో రోజు పదిహేడు.
పదహారో రోజూ పదిహేడే.
ఆగిందని నేను అనలేదు.
జెల్ తుడిచి, మళ్ళీ రాసి, మళ్ళీ కొలిచాను.

గొట్టం తీసిన మధ్యాహ్నం ఒక దగ్గు,
తుప్పు పట్టిన బందులు కదిలినట్టు.
దాని వెనకే ఇంకొకటి, కాస్త గట్టిగా.
నెల్దా అప్పటికే ఫ్లాస్కు మూత తిప్పుతోంది.
ఆగమ్మా, మింగగలడో లేదో చూడాలి, రేపు, అన్నాను.
“రేపా?” అంది.
రేపే.
ఆ మాట మూడుసార్లు చెప్పించుకుని
కప్పు నా చేతిలో పెట్టింది.